మనిషి లేని చొక్కా

చొక్కా లేని మనుషుల నడుమ మనిషి లేని చొక్కా ఒకటి కనిపించేసరికి పశువైద్యుడి బొటనవేలు ఆగిపోయింది.

మగవాడు మగవాడి తోడు వెదుక్కునే యాప్ అది. అందులో శిరస్సున్న బొమ్మ దొరకడమే అపురూపం. యుద్ధం ముగిసిన మైదానంలో కబంధాల్లా, మెడ మొదలు నడుము దాకా ఛాతీలే ఛాతీలు. వాటి వెనుక హృదయమనేది ఉందేమోనని మన వైద్యుడు కొన్నేళ్లుగా స్టెతస్కోపు ఆనించి వింటూనే ఉన్నాడు. ఒకడు రెండు మాటలకే అంతర్ధానమయ్యాడు. ఇంకొకడు కలుద్దామని చెప్పి, కాఫీ చల్లారి మీగడ కట్టినా రాలేదు. మూడోవాడు వచ్చాడు గాని, తన పెళ్లికి తప్పక రావాలని పిలిచి వెళ్లాడు.

కరవవచ్చిన కుక్కను కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషే, అందగాడెవరైనా పలకరిస్తే గుటకలు మింగుతాడు. అతని గదిలో కుర్చీలు రెండు. రెండోదాని మీద ఇంతవరకు కూర్చున్నది ఉతికిన బట్టలే.

ఈ చొక్కా మాత్రం లేతనీలం రంగుది. హాంగరుకు బుద్ధిగా వేలాడుతోంది. వయసు ముప్పై నాలుగని రాసి ఉంది. దాని దగ్గర నుంచి వచ్చిన మొదటి ప్రశ్న: "భోంచేశారా?"

వైద్యుడు తెల్లబోయాడు. ఆ యాప్‌లో మొదట అడిగే ప్రశ్నలు వేరు. వాటిని ఇక్కడ రాయడం మర్యాద కాదు.

అది మొదలు సంభాషణ సాగింది.

"కోపమొస్తే అరుస్తారా, అలుగుతారా?"

"అలగడమే. కాని అలగడానికీ ఒక మనిషుండాలి కదండీ."

"తడి తువ్వాలు మంచం మీద పడేసేవాళ్లతో సర్దుకుపోగలరా?"

"మీరు పడేస్తారా ఏంటి?"

కాస్త ఆలస్యంగా జవాబు వచ్చింది. "ఆ దురలవాటు మా ఇంట్లో ఉంది."

వైద్యుడు పడీ పడీ నవ్వుకున్నాడు. మరొక రోజు ప్రశ్న మరీ లోతుకు దిగింది.

"మీ సంగతి మీ పెద్దవాళ్లకి తెలుసా?"

"తెలుసు. అమ్మ ఏడ్చి ఊరుకుంది. నాన్న ముందు ఊరుకుని, తర్వాత ఏడ్చాడు."

"ఆ తర్వాత ఆయన ఏమన్నారు?"

"అన్నం చల్లారిపోతోంది, రా అన్నాడు."

జవాబుగా అవతలి నుంచి చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది.

"మరి మీ ఇంట్లో?" అని వైద్యుడు అడిగాడు.

"తెలుసు. తెలుసన్న సంగతే ఇంకా ఎవరూ నోరు విప్పి చెప్పలేదు."

మర్నాడు ఆసుపత్రిలో కాంపౌండరమ్మ మేక కాళ్లు పట్టుకుని ఎంతసేపు నిలబడినా సూది పడలేదు.

"ఏంటి డాక్టరుబాబూ, సూది గాల్లో పట్టుకుని ఆ నవ్వేంటి? పాపం, మేక సిగ్గుపడుతోంది!"

"ఏం లేదు పిన్నీ."

"ఏం లేకపోతే ఆ మొహంలో ఈ వెలుగేంటి? ఎవరాయన?"

"మొహం ఇంకా చూడలేదు."

"చూడకుండానే ఇంతుంటే, చూశాక మన ఆసుపత్రికి దీపాలక్కర్లేదు!"

వైద్యుడి నవ్వు ఆగింది. "ఇది కూడా కాకపోతే ఆ యాప్ తీసి పారేస్తాను పిన్నీ. ఒంటిగా ఉండడం అలవాటే. ఆశపడి ఉండడమే కష్టంగా ఉంది."

"పోయినసారీ ఇదే అన్నారు."

"పోయినసారి నన్నెవరూ భోంచేశావా అని అడగలేదు."

ఆదివారం సాయంత్రం తన కుట్టు దుకాణానికి రమ్మని చొక్కా మనిషి కబురు పెట్టాడు. వైద్యుడు బట్టలకు ఇస్త్రీ చేసుకున్నాడు. తల దువ్వి, చెరిపి, మళ్లీ దువ్వుకున్నాడు. వీధి మలుపులో ఒకసారి వెనక్కి తిరిగాడు కూడా. కాళ్లే అతన్ని ముందుకు తోశాయి.

దుకాణంలో మిషను ముందు ఒక్కరే ఉన్నారు. నెరిసిన తల, మెడలో టేపు, పళ్ల మధ్య దారం.

"ఇక్కడ... నీలం చొక్కా బొమ్మ పెట్టినాయన..."

"నేనే బాబూ. రా, లోపలికి రా."

వైద్యుడి గుండె జారి చెప్పుల్లో పడింది. ఆ యాప్‌లో వయసుకు నాలుగైదేళ్లు కత్తెర వేయడం లోకాచారమే. ఈ పెద్దమనిషి వృత్తిధర్మం కొద్దీ కత్తెర మరీ లోతుగా వేసినట్టున్నాడు! కోపం రావాలి. రాలేదు. ఇన్నాళ్లూ తన ఆకలి అడిగి తెలుసుకున్న మనిషి మీద కోపం ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు?

పెద్దాయన స్టూలు తుడిచి వేశాడు. మంచినీళ్లు ఇచ్చాడు. కళ్లజోడు సర్దుకుని, గుడ్డ నాణ్యం చూసినంత శ్రద్ధగా అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు.

"ఫోటోలో కంటే చిక్కావు. జంతువుల వెంట పడి వేళకి తినడం లేదా?"

"తింటున్నానండి." వైద్యుడు గ్లాసులోకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "ఏమీ అనుకోకండి. మీ మాటలంటే నాకు చాలా ఇష్టం. వాటికోసమే రోజంతా ఎదురుచూసేవాణ్ణి. కాని నేను... ఇంకెవరినో ఊహించుకుని వచ్చాను."

ఇక ఇంటికి వెళ్లి యాప్ తీసేయడమే మిగిలిందనుకుంటూ లేవబోయాడు.

పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి, మేడమెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"నువ్వు నాకు అన్నివిధాలా నచ్చావు బాబూ, పైనున్న మా అబ్బాయికి నిన్ను చూపించాలంటే ముందు వాడి సంగతి నాకు తెలుసని వాడికి చెప్పాలి, అదెలా చెప్పాలో కాస్త నువ్వే చెప్పు."