బెత్తెడు తక్కువ

అత్తగారు కోడలి గదిలోకి వెళ్లి ఊలు సంచీ తెరవడం పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

స్వెట్టర్ పూర్తయిపోయింది. ముదురు నీలం రంగు, ముందు ఐదు గుండీలు. మంచం మీద పరిచి, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. ఇక అనుమానం లేదు. ఒక చెయ్యి బెత్తెడు పొట్టి.

మళ్లీ మడతపెట్టి సంచీలో దోపి, వంటింట్లోకి వచ్చింది. సూప్ గిన్నెలో గరిటె తిప్పింది. మంట తగ్గించింది, పెంచింది. కిటికీలో ఎండబెట్టిన కమలా తొక్కల్ని ఇటువి అటు సర్దింది. ఖాళీ సీసా మీద నిన్న మొదలుపెట్టిన పువ్వు సగంలోనే ఉంది. కుంచె తీసి ఒక రేక వేసింది, నచ్చక తుడిచేసింది. చలికాలం తలుపులేసుకుని చేసుకునే ఇలాంటి పనులంటే ఆవిడకు ప్రాణం. ఇవాళ ఒక్కదాని మీదా మనసు నిలవడం లేదు.

"కాలు గాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరగడం?" అన్నాడు మామగారు. నలభై ఏళ్లు దర్జీ పని చేసిన మనిషి. ఇప్పుడు హీటర్ పక్కన కూర్చుని గుడ్డపీలికలతో దిండు గలీబులు కుడుతుంటాడు. దుకాణం మూసి మూడేళ్లయినా మెడలోంచి టేపు దిగలేదు.

"రేపు వియ్యపురాలు వస్తోంది."

"రానీ. సూప్‌లో ఇంకో గ్లాసుడు నీళ్లు పొయ్యి."

"మీ హాస్యాలకేం గానీ, కోడలు వాళ్లమ్మకి అల్లిన స్వెట్టర్ చూశారా? ఒక చెయ్యి పొట్టి."

మామగారి సూది ఆగిపోయింది. "దాన్ని నువ్వెందుకు తీశావు?"

"తీయకేం చెయ్యను? రోజూ ఫోన్లో గుసగుసలు. 'నువ్వొచ్చేసరికి అయిపోతుందమ్మా' అంటూ. నేను గదిలోకెళ్తే చాలు, దుప్పటి కింద దాచేస్తుంది. ఈ వీధి వీధంతా అల్లిక నేర్చుకుంది నా దగ్గర. ఇంట్లో ఉన్నదాన్ని, నన్ను ఒక్క వరస అడిగిందా?"

అసలు నొప్పి అదే. కోడలు వచ్చి ఆరు నెలలు. మంచి పిల్ల. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసి అలిసిపోయి వచ్చినా ముఖం ముడుచుకోదు. అయినా ఇద్దరి మధ్యా ఏదో పల్చటి తెర. రేపు ఆ వంకర స్వెట్టర్ తొడుక్కుని వియ్యపురాలు ఏమంటుంది? ఇంత పేరున్న అత్తగారు మా పిల్లకి నాలుగు వరసలు నేర్పలేకపోయిందా అంటుంది. అననక్కర్లేదు, అనుకున్నా చాలు.

"దర్జీ ఉన్న ఇంట్లో కొలతలు తప్పడమేమిటండీ? రెండు చేతులూ ఒక్కలా ఉండాలని పసిపిల్లకైనా తెలుసు."

మామగారు ఆవిడ వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకుని, ఒళ్లోనే ఉన్న కత్తెర కోసం వెతికాడు.

"దాని జోలికి పోకు. ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదన్నారు."

"రెండో సుఖం మీకు ఎలాగూ ఉంది. మొదటిది నాకు చెప్తున్నారు."

భోజనాలయ్యాయి. మామగారు కునుకు తీశాడు. కోడలు వచ్చేసరికి సాయంత్రం అవుతుంది.

అత్తగారు దేవుడి పటం ముందు నిలబడింది. 'స్వామీ, అడక్కుండా ఇంకొకరి పనిలో వేలు పెట్టడం తప్పే. తప్పు కళ్లెదురుగా కనబడుతుంటే దిద్దకపోవడం మాత్రం ఒప్పా?'

స్వామి పలకలేదు. ఆయన ఎప్పుడూ అంతే. మనకు కావలసిన జవాబు మనమే చెప్పుకునేదాకా ఓపిగ్గా చూస్తాడు.

స్వెట్టర్ తెచ్చుకుని హీటర్ దగ్గర కూర్చుంది. సంచీలో ఉండ ఒకటి మిగిలే ఉంది. పొట్టి చేతి అంచు విప్పి, కుట్లన్నీ ఒక్కటీ జారకుండా సూదికెక్కించింది. కోడలి అల్లిక కాస్త వదులు. అతుకు తెలియకూడదని తనూ వదులుగానే అల్లింది. వేడికి నుదుట చెమట పట్టినా ఎడమ భుజం మీది శాలువా తీయలేదు. ఇంట్లోనైనా, వీధిలోనైనా ఆవిడ అంతే. బెత్తెడు పెరిగాక మళ్లీ అంచు కట్టింది. రెండు చేతులూ కలిపి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. గేటు చప్పుడయ్యేసరికి స్వెట్టర్ మునుపటి మడతలోనే సంచీలో ఉంది.

మర్నాడు పొద్దున్నే వియ్యపురాలు వచ్చింది. టీలు తాగుతుండగా కోడలు సంచీ తెచ్చింది.

కోడలు వాళ్లమ్మను దాటి వచ్చి, అత్తగారి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"మీకే అత్తయ్యా. మీ అంత బాగా నాకు రాదు. తిట్టకండేం!"

"నెల్లాళ్లుగా దీనికి ఫోన్లో వరసలు చెప్పలేక నా నోరు పడిపోయింది వదినగారూ! మీకు మాత్రం తెలియకూడదట" అని నవ్వింది వియ్యపురాలు.

"కొలతలు మావయ్యగారిచ్చారు. పిసరంత కూడా తేడా రాకుండా అల్లాను" అంది కోడలు. మామగారు గర్వంగా తలాడించాడు.

కోడలు మెల్లగా అత్తగారి శాలువా తీసి పక్కన పెట్టి, స్వెట్టర్ తొడిగి, ఐదు గుండీలూ పెట్టింది.

కుడి చెయ్యి మణికట్టు దగ్గర అందంగా ఆగింది; తొమ్మిదో ఏట విరిగి, వంకరగా అతికి, అప్పట్నుంచీ బెత్తెడు పొట్టిగానే ఉండిపోయిన ఎడమ చెయ్యి మాత్రం ఆవిడ స్వయంగా పొడిగించిన ఊలులో వేళ్లతో సహా మునిగిపోయింది.