దోమకాటంత మచ్చ

సైగాన్‌కి దూరంగా, కాలవ ఒడ్డున ఇల్లు. ఆ రోజు ఇంట్లో నాన్నమ్మ, నాన్న, అత్త, వంటింట్లో అమ్మ, తాళ్ళ ఊయలలో చిన్నతాత. గోడ మీద, అగరుబత్తుల పొగ వెనక, పటంలో తాతయ్య.

తాతయ్య తద్దినం.

మనవరాలు త్రిన్ గుమ్మంలో కూర్చుని అరటాకులు తుడుస్తోంది.

చిన్నతాత చొక్కా గుండీలు విప్పాడు. ఇంటికి ఎవరొచ్చినా విప్పుతాడు. మచ్చ గొంతు కింద మొదలై పొట్ట దాకా దిగింది.

"ఎముకని రంపంతో కోశారే! గుండె ఆపరేషనంటే ఇదీ."

అత్త ఆయనకి కొబ్బరినీళ్ళు అందించింది. ఆపరేషనై ఏడాది దాటినా ఆయన తన చెప్పులు తాను వెతుక్కోడు.

అమ్మ గుండె కవాటం బాగుచేసి నెల కాలేదు. సైగాన్‌లో, పక్కటెముకల సందుల్లోంచి రోబో చేతులు పంపి కుట్టారు. కుడి రొమ్ము కింద చిన్న చిన్న గాట్లు మిగిలాయి.

వచ్చినవాళ్ళందరికీ విప్పి చూపించేవి కావవి.

"డాక్టరు ఎక్కడో మూల కూర్చుని, పిల్లలు ఫోన్లో ఆటాడినట్టు ఆడాడట," అంది నాన్నమ్మ. "ఒంటి మీద చెయ్యైనా వెయ్యలేదట. అదేం ఆపరేషను!"

"నేను చూశాగా. దోమ కుట్టింది వదినకి," అని అత్త నవ్వింది.

నాన్న బీరు సీసాలు ఐసులో సర్దుతున్నాడు.

రోబోతో చేస్తే అమ్మ తొందరగా కోలుకుంటుందని ఆస్పత్రిలో చెప్పినప్పుడు, నాన్న అడిగింది ఒకటే మాట.

"తద్దినానికల్లా లేస్తుందా?"

త్రిన్ అప్పుడు పక్కనే ఉంది. మళ్ళీ చూపించుకునేదాకా బరువులు ఎత్తకూడదన్న మాట కూడా వింది.

కాలవలో పడవ మోటారు చప్పుడైంది.

"పెద్దకోడలా! మాంసం దించు, చుట్టాలొచ్చేశారు!" నాన్నమ్మ వంటింట్లోకి కేకేసింది.

పెద్దకోడలు వండి దించిందే పటం ముందు పెట్టాలి. ఇంకొకరి చెయ్యి పడితే తాతయ్య ముట్టడట.

పొయ్యి మీద పెద్ద డేగిసా. నిండా కొబ్బరినీళ్ళలో ఉడికిన పంది మాంసం, గుడ్లు. అమ్మ ఒక చెయ్యి పక్కటెముకలకి అదిమిపెట్టుకుని, రెండో చేత్తో మసిగుడ్డ అందుకుంది.

బడిలో పాఠం చదవమంటేనే త్రిన్‌కి గొంతు పెగలదు.

"అమ్మ ఎత్తకూడదు."

ఎవరూ వినలేదు.

"ఎత్తకూడదని డాక్టరు చెప్పాడు! నాన్నా, నువ్వూ విన్నావు! చిన్నతాత గ్లాసు కూడా ఎత్తడు, అమ్మ అంత డేగిసా ఎత్తాలా? లోపల కోసింది ఇద్దరికీ గుండెనే కదా!"

ఊయల ఆగిపోయింది.

"ఎవరి పెంపకమే ఇది?" నాన్నమ్మ అడిగింది త్రిన్‌ని. చూసింది వంటింటి వైపు.

నాన్న లేచాడు.

త్రిన్‌కి ప్రాణం లేచొచ్చింది.

నాన్న ఇంకో ఐసు గడ్డ పగలగొట్టడానికి పెరట్లోకి వెళ్ళాడు.

త్రిన్ అరటాకులు పారేసి వంటింట్లోకి పరిగెత్తింది. అమ్మ ఆమె భుజం పట్టుకుని గుమ్మం దాకా వెనక్కి నడిపించింది.

"వెళ్ళు. నాన్నమ్మకి తప్పయిందని చెప్పు."

"ఒక పక్క నేను పట్టుకుంటానమ్మా."

"వెళ్ళమన్నానా!"

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

డేగిసా కడియాలు గలగలమన్నాయి.

త్రిన్ తలుపుకి చెవి ఆనించి, అది కింద పెట్టిన చప్పుడు కోసం ఎదురుచూసింది.