ఇటలీ మంచులో మణిమాల

“మణిమాల ఏది పిన్నీ?”

లక్ష్మీనరసమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఢిల్లేశ్వరరావు. పదిళ్ల పెద్ద. అంటే, పది ఇళ్లలో ఎవరు తుమ్మినా వార్డు ఆఫీసుకు చెప్పడానికి ప్రభుత్వం పెట్టిన మనిషి. మామూలుగా అతని బూట్లు వీధి మొదట్లోనే కిర్రుకిర్రుమనేవి. ఆ చప్పుడుకే పజుండౌంగ్ పేటలో తలుపులు దగ్గరపడేవి. ఈరోజు రబ్బరు చెప్పులతో పిల్లిలా మెట్లెక్కి వచ్చాడు. వాటిని గుమ్మం బయట విప్పి లోపలికి అడుగుపెట్టాడు.

“నేదు బాబూ. ఇటలీ ఎల్లింది.”

“ఏటి?”

“ఇటలీ. మంచు కొండలు సూడ్డానికి.”

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం, వానలు వెనకపట్టిన రోజులు. సైన్యం గద్దెనెక్కి, నిరసన ఊరేగింపుల్లో నడిచిన కాలేజీ పిల్లల కోసం రంగూన్‌లో ఇల్లిల్లూ గాలిస్తోంది. మణిమాల నడవడమే కాదు, ముందు వరసలో జెండా పట్టుకుంది. ఇప్పుడు వంటింటి అటక మీద, ఎండుమిరపకాయల బస్తా వెనక ముడుచుకుని కూర్చుంది.

ఢిల్లేశ్వరరావు కిటికీలోంచి కిందికి చూశాడు. జవాన్ల లారీ ఆగి ఉంది.

“కేప్టెన్ పైకొస్తాడు. ఈలోగా నాకు సెప్పు. మణిమాల ఊరేగింపులో ఉందని మా భాస్కరే సెప్పాడు. ఈ దేశం నుంచి దోమ బయటికెల్లాలన్నా పైవోల్లు ఒప్పుకోవాల. ఈ పిల్లెలాగెల్లింది?”

‘కన్నకొడుకునే వేగు పెట్టుకున్నాడు’ అనుకుంది లక్ష్మీనరసమ్మ. పైకి మాత్రం నవ్వింది.

“మా అబ్బాయి మూర్తి ఓడలో వంటోడు కదా బాబూ. ఆడితో ఎల్లింది. నమ్మకపోతే ఇదిగో.”

దిండు కిందనుంచి ఫొటో తీసి ఇచ్చింది. మంచు కొండ, చెక్క ఇళ్లు, జారుడు బల్లల మీద పిల్లలు, తాడుకు వేలాడే కుర్చీలు, మొనదేలిన చర్చి. మధ్యలో స్వెట్టరు వేసుకుని, రెండు కర్రలు పట్టుకుని, రెండు పొడుగాటి పలకల మీద మణిమాల.

ఆ ఇటలీ రెండు సందుల అవతల ఉంది. చిన్నబాబు స్టూడియోలో. పాత క్యాలెండరు బొమ్మ చూసి అతను గోడంత గుడ్డ మీద రంగులు వేశాడు. కింద దూది పరిచాడు. పక్కపేట తామ్వేలో మేనత్త ఇంటికి కూడా మనవరాలిని ఒంటరిగా పంపని లక్ష్మీనరసమ్మ, ఆ గుడ్డ ముందుకు పంపుతూ కూడా “జాగర్తమ్మా, సలిలో తిరక్కు” అని కళ్లు తుడుచుకుంది. “మామ్మా, ఇది గుడ్డే!” అని మణిమాల మొత్తుకున్నా ఆమె ఏడుపు ఆగలేదు.

ఢిల్లేశ్వరరావు ఫొటోను వెలుగులో పెట్టి చూశాడు.

“బుగ్గలకి మన థనకా గంధమేటి? ఇటలీలో కూడా అరగదీసుకుందా?”

“మంచు మీద ఎండ సుర్రుమంటాదంట బాబూ. మొకం నల్లబడిపోదూ?”

“సరే. మరి, ఈ కాళ్లేటి?”

ఆమె కళ్లజోడు సర్దుకుని చూసింది. పలకల మీద మణిమాల పాదాలు బోసిగా ఉన్నాయి. వేళ్లు విచ్చుకుని మరీ ఉన్నాయి. ఎవరింటికి వెళ్లినా గడప బయట చెప్పులు విప్పడం ఆ ఊళ్లో అందరికీ అలవాటే. స్టూడియో గడప దగ్గర కూడా విప్పేశారు. తీసినవాడికీ, తీయించుకున్నదానికీ, పక్కనే నిలబడి ఏడ్చినదానికీ అది మంచు అని గుర్తే రాలేదు.

“జోళ్లు నేకండా మంచులోనా పిన్నీ?”

“కొండ మీద దేవుడున్నాడు కదా! అదిగో గోపురం. జోళ్లు కిందే ఇప్పీసి ఎక్కాలంట.”

అటక మీద కిసుక్కుమని చప్పుడైంది.

“ఎలక బాబూ,” అంది లక్ష్మీనరసమ్మ చటుక్కున.

“ఇటలీ ఎలకేనా?”

అప్పటికే మెట్ల మీద బరువైన బూట్ల చప్పుడు మొదలైంది. జవాన్ల వెంట ఈ మెట్లు దిగి వెళ్లినవాళ్లలో మళ్లీ ఎక్కి వచ్చినవాళ్లు తక్కువ. అది ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అటక వైపు చూడకూడదని గట్టిగా కళ్లు మూసుకుంది.

కేప్టెన్ బూట్లతోనే చాప తొక్కుకుంటూ లోపలికి వచ్చాడు. “పిల్ల ఏది?” అని బర్మీస్‌లో అడిగాడు.

“ఇటలీలో ఉందండీ,” అన్నాడు ఢిల్లేశ్వరరావు. ఫొటోను చేతికివ్వకుండా, కింది అంచున బొటనవేలు నొక్కి పట్టుకుని అతని ముఖం ముందు పెట్టాడు.

కేప్టెన్ చాలాసేపు చూశాడు. గొంతు మెత్తబడింది.

“అక్కడ పిల్లలకి బాగుంటుందా, అవ్వా?”

లక్ష్మీనరసమ్మ కళ్లు తెరిచి, తనకొచ్చిన బర్మీస్‌లో ఆ గుడ్డ మీదున్నదంతా అప్పజెప్పింది. “పిల్లలకి వేరే చిన్న వాలు ఉందట నాయనా. పడినా దెబ్బ తగలదట. మాలాంటి ముసలివాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి తాడే పైకి లాక్కెళుతుందట.”

“మా ఆవిడ ఎన్నాళ్ల నుంచో కొండల ఊరు చూద్దామంటోంది,” అని కేప్టెన్ నిట్టూర్చాడు. మెట్లు దిగిపోయాడు. కింద లారీ కదిలింది.

ఢిల్లేశ్వరరావు అప్పుడు బొటనవేలు తీశాడు. దాని కింద మణిమాల పాదాలు రెండూ బయటపడ్డాయి. లక్ష్మీనరసమ్మ వాటినీ, అతన్నీ మార్చి మార్చి చూసింది.

“బాబూ, నువ్వు...”

అతను ఫొటో ఆమె చేతిలో పెట్టి, గుమ్మం బయట రబ్బరు చెప్పుల కోసం కాలితో తడుముకున్నాడు.

“ఇకమీద జోళ్లేసి తియ్యమని చిన్నబాబుతో సెప్పు పిన్నీ,” అన్నాడు. “మా భాస్కర్ ఇటలీ ఎల్లినప్పుడు నా బూట్లేసి పంపాను.”