వరహాలమ్మ వాకిట్లో చీమలు

అమినో పొడి తింటే క్యాన్సరు రాదంటారు. నిజంగానే రాదా అన్నది నలభై ఏళ్లుగా తేలుస్తూనే ఉన్నారు. ఈలోగా అనకాపల్లిలో ఇంటికి నెలకో డబ్బా పంచుతున్నారు. తిన్నారో లేదో ఆరోగ్య కార్యకర్త సుభాషిణి నెలనెలా వచ్చి, వేలికి యంత్రం తగిలించి చెప్పేస్తుంది. తినకుండా మూడుసార్లు దొరికినవాళ్లకి డబ్బా మొత్తం నీళ్లలో కలిపి, దగ్గరుండి తాగిస్తుంది.

వరహాలమ్మ ఇప్పటికి రెండుసార్లు దొరికింది. ఆ పొడి తడిగొడుగు పిండిన నీళ్లలా ఉంటుంది, గొంతు దిగదు. అలాగని పారేయడానికి చేతులు రాలేదు. తెల్లగా, మెత్తగా ఉంది కదా అని రోజూ వాకిట్లో ముగ్గేసింది. బియ్యప్పిండి చీమలకు పెడితేనే పుణ్యమంటారు, ఇది ఇంకా బలమైన పిండాయె.

చీమలు తిన్నాయి. వారం తిరక్కుండా పంచదార డబ్బాను డబ్బాతో సహా మోసుకుపోయాయి. మొన్న కాళ్లు తుడుచుకునే పట్టా ఎదురింట్లో దొరికింది.

ఇవాళ సుభాషిణి రానే వచ్చింది. గుమ్మం ముందు చెప్పులు విడిచి, ముగ్గు వంక తేరిపార చూసింది.

"భలే మెరుస్తోంది పిన్నిగారూ. ఏం పిండది?"

"బియ్యప్పిండేనమ్మా," అంది వరహాలమ్మ. అప్పటికే సుభాషిణి చెప్పులు రెండూ మెల్లగా గేటు వైపు బయల్దేరాయి.

సుభాషిణి వెనక్కి తిరిగి చూసింది. కంగారేమీ పడలేదు. వంగి చెప్పులందుకుని, చీమల్ని దులిపి, కిటికీ ఊచకు తగిలించింది.

"నాదే తప్పు, కింద వదిలేశాను," అంది. "మా ఇంటి దగ్గరైతే స్కూటర్‌కి కూడా గొలుసేస్తున్నాం."