నీళ్ళు చూడని బండి

ఏ బండి దగ్గరికి తీసుకెళ్ళినా జానకిరామ్ మొదట అడిగేది ఒకటే. "ఇది వరదలో మునిగిందాండీ?"

అడగకూడని ప్రశ్నేం కాదు. బుడమేరు వాగు పొంగి సగం బెజవాడ నానిపోయాక, పాత బండి కొనేవాళ్ళంతా అదే అడుగుతున్నారు. అమ్మేవాళ్ళందరి జవాబూ ఒకటే. మా బండి ఆ వారం ఊళ్ళోనే లేదండీ అంటారు. వాళ్ళ మాటలు వింటే వరద మనుషుల్ని తప్ప ఒక్క బండినీ తాకలేదనుకోవాలి.

సాయిగణేష్‌కి చికాకు ప్రశ్నతో కాదు, మనిషితో. వన్ టౌన్‌లో వాళ్ళ నాన్నది చీరల హోల్‌సేల్ కొట్టు. ఆదివారం వస్తే సాయిగణేష్ కొట్టు మొహం చూడడు. కొండపల్లి కొండల్లో రాళ్ళ దారులు పట్టుకుని తిరుగుతాడు. రోడ్డుకీ, అలాంటి దారులకీ పనికొచ్చే ఎత్తు మోటారు సైకిళ్ళ సంగతి అతన్నే అడగాలని ఊళ్ళో పేరు. ఆ పేరు వినే జానకిరామ్ వచ్చాడు. కైకలూరు చెరువుల చేపలు హౌరాకి పంపే వ్యాపారం ఆయనది. అలాంటి పాత ట్రైల్ బండే కావాలన్నాడు, త్వరగా కావాలన్నాడు. ఏమిటంత తొందరని అడిగితే ఇంట్లో ఆవిడ ఊరుకోవడం లేదన్నాడు. పెళ్ళాం పోరు పడలేక ఇలాంటి బండి కొనే మగవాణ్ణి సాయిగణేష్ మొదటిసారి చూశాడు.

గుణదలలో చూపించింది బంగారం లాంటి బండి. చైను కొత్తది, ముందు ఫోర్కుల్లో లీకు లేదు, ఇంజను చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది. జానకిరామ్ ఇంజను వైపు చూడనైనా చూడలేదు. వెళ్ళి వెనక సీటు మీద కూర్చున్నాడు. పక్కనున్న హ్యాండిల్ పట్టుకుని, వదిలి, దిగాడు. వరద సంగతి అడిగాడు. ఆ వారం బండి హైదరాబాదులో ఉందని ఓనరు సర్వీసు బిల్లు తీసి చూపించాడు. జానకిరామ్ మొహం వాడిపోయింది. ఇది వద్దులెండి అన్నాడు. బిల్లు చూపించినా నమ్మకపోతే ఇంక ఎవరేం చేస్తారని సాయిగణేష్ లోలోపల విసుక్కున్నాడు.

కొండ ఎక్కేటప్పుడు వెనక ఎవరూ కూర్చోరని, నడిపేవాడి సీటు చూసుకోవాలని దారిలో చెప్పాడు. జానకిరామ్ బుద్ధిగా తలూపాడు. మర్నాడు పటమటలో మళ్ళీ వెనక సీటే ఎక్కాడు.

ఆ తర్వాత ఎన్ని చూపించినా ఏదో వంక. ఆయన కూర్చున్నచోట కూర్చోడు, ఇచ్చిన టీ తాగడు. ఒక బండి చూస్తూనే ఇంకోటి ఎక్కడుందని ఫోను తీస్తాడు. సీటు విప్పించి, ఎండిన ఒండ్రుమట్టి ఉందేమోనని కింద గోటితో గీకుతాడు. ఓనర్లు చిన్నబుచ్చుకుంటున్నారు. మధ్యలో సాయిగణేష్ పరువు పోతోంది. ఇదే ఆఖరుది, ఇదీ నచ్చకపోతే నన్నొదిలెయ్యండని చెప్పి ఆయన్ని పామర్రు తీసుకెళ్ళాడు.

బ్రోకరు పంపిన లొకేషన్ ప్రకారం వెళితే, చేల పక్కన రేకుల షెడ్డు, దాని కింద నీలం రంగు బండి. యజమాని లుంగీ మీదే బయటికొచ్చాడు. నడుంనొప్పి వల్ల అమ్మేస్తున్నానన్నాడు. ఆయన భార్య గడప దగ్గరే నిలబడింది.

సాయిగణేష్‌కి చూడగానే అర్థమైపోయింది. హెడ్‌లైట్ అద్దం లోపల మట్టిరంగు చార ఉంది. బండంతా పాతది, వైరింగు మాత్రం కొత్తది. ఇది పీకల్దాకా నీళ్ళు తాగిన బండి, వెళ్ళిపోదాం పదండని జానకిరామ్ చెవిలో చెప్పాడు.

జానకిరామ్ కదల్లేదు. వెనక సీటు హ్యాండిల్‌కి నైలాను వలతాడు గట్టిగా చుట్టి ఉంది. దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తాడుని పిడికిట్లో బిగించాడు. మనిషి కోపంతో ఊగిపోతున్నాడని, ఇక్కడ గొడవ తప్పదని సాయిగణేష్‌కి భయం వేసింది.

"ఇది వరదలో మునిగిందాండీ?"

"లేదండీ. నీళ్ళే చూళ్ళేదు," అన్నాడు యజమాని, నేలచూపులు చూస్తూ.

"నిజం చెప్పండి."

"చెప్పాగా."

"మీకు దణ్ణం పెడతాను. నిజం చెప్పండి." జానకిరామ్ నిజంగానే చేతులు జోడించాడు.

బేరానికొచ్చినవాడు దణ్ణం పెట్టడం యజమాని ఎన్నడూ చూసి ఉండడు. బిత్తరపోయి భార్య వైపు చూశాడు. దాచి అమ్మితే రేపు మనల్నే తిట్టుకుంటారు, చెప్పెయ్యమంది ఆవిడ.

"మునిగిందండీ. అప్పుడు సింగ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. తప్పు నాదే. మొదటిరోజు మోకాలి లోతున్నప్పుడే ఫ్లైఓవర్ ఎక్కించి వదిలేస్తే సరిపోయేది. ఎత్తు బండి కదా, ఏమీ కాదులే అని మళ్ళీ మళ్ళీ నీళ్ళలోకి దింపాను. సాయంత్రానికి ఆగిపోయింది. ఇంజను మొత్తం విప్పి బాగుచేయించాను. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే మీ ఇష్టం."

సాయిగణేష్ క్షమించమని యజమానికి చెప్పబోయాడు. ఇంతలో జానకిరామ్ వెళ్ళి యజమాని రెండు చేతులూ పట్టేసుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"బండి నాకొద్దండీ, మీ పేరు చెప్పండి చాలు. ఆ రోజు నేను హౌరాలో ఉంటే, నొప్పులు పడుతున్న మా ఉషని ఈ వలతాడు పట్టుకోమని దీని వెనక కూర్చోబెట్టుకుని నీళ్ళు దాటించిన మనిషి పేరు తెలీక, మా బాబుకి ఇంకా పేరే పెట్టుకోలేదు."