బావి మూత

"ముందు కొమ్మలన్నీ తియ్యి. తర్వాత మూత అంచు కింద కడ్డీ పెట్టు. మీ నాన్న అలాగే ఎత్తేవాడు," అంది కారినా.

మంచు కరిగాక సరస్సు ఒడ్డున వేసవి ఇల్లు తెరవడానికి వచ్చారు కారినా, ఆమె కూతురు తూలియా. బావి కడిగితేనే కాఫీకైనా, సౌనా గదిలో ఆవిరి స్నానానికైనా నీళ్లు. ఏటా ఆ కాంక్రీటు మూత ఎత్తే కారినా భర్త వెయికో ఈ చలికాలంలోనే పోయాడు.

"పోయినసారి ఇల్లు మూసేటప్పుడు నన్ను బస్సెక్కించి, బావి పనుందని తను ఉండిపోయాడు. నాకంటే నీకు బావే ఎక్కువా అని తిట్టాను."

"అప్పటికే జబ్బు సంగతి తెలుసేమో అమ్మా."

"తెలిస్తే నాకు చెప్పడూ?"

తూలియా చలికి కప్పిన కొమ్మలు లాగేసింది. కింద కాంక్రీటు మూత లేదు. అది కట్టెల కొట్టం గోడకు ఆనించి ఉంది. బావి మీద కొత్త చెక్క మూత, దానికో తాడు.

"ఇంత పొడుగు తాడెందుకు? నాన్న వంగగలిగేవాడుగా."

కారినా నడుము వంగదు. నిలబడే తాడు అందుకుంది. ఒంటి చేత్తో లాగితే మూత తేలిగ్గా లేచింది. మళ్లీ మెల్లగా దించేసింది.

తూలియా సాయం పట్టబోయింది.

"వదిలెయ్. ఇక నేనొక్కదాన్నే ఎత్తుకోవాలని తెలిసే చేశాడు మీ నాన్న."