ఆటకి వీపు పెట్టిన మనిషి

రెండో గోల్ పడగానే గోల్‌కీపర్ గ్లవ్స్ విసిరికొట్టి, కంచె దూకి గ్యాలరీలోకి వచ్చిపడ్డాడు.

రిఫరీ విజిల్ ఊదుతూనే ఉన్నాడు. జట్టువాళ్లు వెనక్కి రమ్మని అరుస్తూనే ఉన్నారు. అతని చెవికి ఏదీ ఎక్కలేదు.

గోల్ వెనకాల కంచెకి ఆనుకుని నిలబడ్డ ముసలాయన కాలర్ పట్టుకుని తనవైపు తిప్పాడు.

సీజన్ మొదలైన దగ్గర్నుంచి ఆ మనిషి ప్రతి మ్యాచ్‌కీ టికెట్టు కొనుక్కుని మరీ వస్తున్నాడు. వచ్చి మైదానానికి వీపు పెట్టి నిలబడతాడు. గోల్ పడినా తల తిప్పడు. సగానికి పైగా ఖాళీగా ఉన్న కుర్చీల్నే కన్నార్పకుండా చూస్తుంటాడు.

"ఆట చూడ్డానికి వచ్చావా, మా చావు చూడ్డానికి వచ్చావా?"

"ఆట మీరు ఆడుతున్నారు కదా బాబూ," అన్నాడు ముసలాయన, జారిన కళ్లజోడు సర్దుకుంటూ. "నేను జనాన్ని చూస్తున్నాను."

"ఉన్నదే నలుగురు. వాళ్లలో ఏం చూస్తావు?"

"రానివాళ్లు ఎందుకు రాలేదా అని."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గోల్‌కీపర్‌కి ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? క్లబ్బు మునిగిపోతోంది. గ్రౌండ్ ఉంచాలా, బిల్డర్‌కి ఇచ్చేసి ఫ్లాట్లు కట్టించాలా అని పురపాలక సంఘం విచారణ పెట్టింది. ఓడిపోయే జట్టుని చూడ్డానికి ఎవరొస్తారని ప్రెసిడెంట్ మీటింగుల్లో నిట్టూర్చినప్పుడల్లా అందరి చూపులూ గోల్‌కీపర్ మీదికే తిరిగేవి. ఆ ప్రెసిడెంట్ అతనికి పిల్లనిచ్చిన మామ కూడా. "మా చంటిదాన్ని మీ చేతికివ్వాలంటే భయంగా ఉంది బావా, జారవిడుస్తారేమో" అని బావమరిది వేళాకోళమాడితే అందరితోపాటు నవ్వాడు గానీ, ఆ రాత్రి కంటిమీద కునుకు పడలేదు.

ఈ ముసలాడు బిల్డర్ మనిషని, ఖాళీ కుర్చీలు చూసి సంబరపడుతున్నాడని ఆ ఉదయమే అతని చెవిన వేశారు.

కాలర్ వదలకుండా గేటు దాకా లాక్కెళ్లి బయటికి గెంటాడు.

ముసలాయన తూలి నిలదొక్కుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"ఒక్క మాట బాబూ. జనం పోయింది మీరు గోల్స్ వదిలినందుకు కాదు."

ఎత్తిపొడుపు అనుకుని గోల్‌కీపర్ గేటు మూసేశాడు.

* * *

విచారణ రోజున హాలు కిక్కిరిసిపోయింది. ఇంతమంది మ్యాచ్‌కి వచ్చి ఉంటే విచారణే ఉండేది కాదని ఎవరో అన్నారు.

ప్రెసిడెంట్ లేచి, గ్రౌండ్ ఇచ్చేయడం తప్ప గత్యంతరం లేదన్నాడు. గోల్‌కీపర్ తల దించుకున్నాడు. పక్కన భార్య అతని చేతిమీద చెయ్యి వేసింది.

అభిమానుల సంఘం యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్ని సాక్ష్యం చెప్పడానికి పిలిచింది. ఆయన బదులు ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి వచ్చింది.

"సార్ పోయిన వారం పోయారు," అంది. "ఒక్క సీజన్ మించి బతకరని డాక్టర్లు ముందే చెప్పారు. ఆ ఒక్క సీజన్నీ ఈ గ్రౌండ్‌కే ఇచ్చేశారు."

జీవితమంతా ఆయన ఆటల వెనక డబ్బు గురించే పరిశోధించారట. క్లబ్బులు ఎలా నిలబడతాయి, ఎలా కూలతాయి, కూలితే ఎవరు లాభపడతారు అని. పెద్ద క్లబ్బులు కార్లు పంపితే వెళ్లేవారు కాదు. ఇలాంటి చిన్న గ్రౌండ్లకి బస్సులో వెళ్లేవారు.

"ఇంతకాలంలో ఒక్క గోల్ కూడా చూళ్లేదని మేం ఆయన్ని ఏడిపించేవాళ్లం. ఎప్పుడూ ఆటకి వీపు పెట్టి, జనంవైపు తిరిగి నిలబడేవారు."

గోల్‌కీపర్ దించుకున్న తల చప్పున ఎత్తాడు.

ఆ అమ్మాయి నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోయింది. ఈ జట్టు ఇదివరకు కూడా ఓడేది. అయినా గ్యాలరీ నిండేది. జనానికి గెలుపొక్కటే అక్కర్లేదు, ఏమవుతుందో తెలియని ఆట కావాలి. వాళ్లు మాయమైంది మ్యాచ్‌లు సాయంత్రం నుంచి మిట్టమధ్యాహ్నానికి మారాక. నీడవైపు గేటుకి తాళం పడ్డాక. పిల్లలకిచ్చే సగం ధర టికెట్టు ఎత్తేశాక.

"గోల్‌కీపర్ తప్పేమీ లేదని సార్ ప్రత్యేకంగా చెప్పమన్నారు. ఎవరో కావాలనే జనాన్ని తరిమేశారు."

ఎవరని విచారణ అధికారి అడిగాడు. కమిటీ సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అవన్నీ అందరూ కలిసి తీసుకున్న నిర్ణయాలన్నాడు ప్రెసిడెంట్.

"సార్ దగ్గరా పేరు లేదండీ," అంది ఆ అమ్మాయి. "చివరి మ్యాచ్‌లో ఆయన్ని బయటికి గెంటేశారు. గెంటిన కుర్రాణ్ణి ఏమీ అనొద్దన్నారు. ఆట మీద ప్రేమ లేనివాడికి అంత కోపం రాదన్నారు. అతన్ని ఉసిగొల్పిందెవరో మాత్రం కనుక్కోమన్నారు."



గోల్‌కీపర్‌కి అత్తగారింటి వసారాలో మేకుకి వేలాడే పెద్ద తాళంచెవి గుర్తొచ్చింది. వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాడు. నీడవైపు గేటుది.

లేచి నిలబడ్డాడు.

"కూర్చో అల్లుడూ," అన్నాడు ప్రెసిడెంట్, నవ్వుతూనే.

భార్య తండ్రివైపు చూడలేదు. "చెప్పండి," అంది భర్తతో, మెల్లగా.

"గెంటింది నేనే," అన్నాడు గోల్‌కీపర్. "ఆయన బిల్డర్ మనిషని నాకు చెప్పారు. బిల్డర్ మనిషి ఆయన కాదండీ, నాకు ఆ మాట చెప్పిన మా మామయ్య."